‘ఏమండీ’ పరీక్ష

చట్టమంతా బాగానే ఉంది. ఒక్క ‘వలె’ దగ్గరే చిక్కొచ్చిపడింది.

పెళ్ళి చేసుకోకుండా కలిసి ఉంటున్నవాళ్ళకి కూడా హక్కులుండాలని పెద్దలు మంచి మనసుతోనే తలచారు. ‘భార్యాభర్తల వలె జీవించుచున్న వారెల్లరు’ అర్జీ పెట్టుకుంటే ప్రభుత్వమే సహజీవన ధ్రువపత్రం ఇస్తుందన్నారు. అది చేతిలో ఉంటే ఆస్పత్రిలో సంతకం చెల్లుతుంది, రేషన్ కార్డులో పేరెక్కుతుంది, అద్దింటి ఓనర్లు ఆరాలు తియ్యడం మానేస్తారు. జిల్లా కేంద్రంలో పాత పశువుల ఆస్పత్రి భవనం ఖాళీగా ఉంటే దానికి సున్నం కొట్టించి, ‘సహజీవన ధ్రువీకరణ కార్యాలయం’ అని బోర్డు తగిలించారు. రిజిస్ట్రారుగా త్రివిక్రమరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన తూనికలు, కొలతల శాఖలో పనిచేశారు.

కుర్చీలో కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “వలె అంటే ఎంత?”

ఎవరికీ తెలియలేదు. ఒకే కప్పు కింద ఉండటమా? అయితే హాస్టళ్ళ మాటేమిటి? కలిసి భోంచెయ్యడమా? చాలా ఇళ్ళలో మొగుడు తిని చెయ్యి కడుక్కున్నాకే పెళ్ళాం కంచం ముందు కూర్చుంటుంది. పోనీ, ఒకరితో ఒకరు మనసువిప్పి మాట్లాడుకోవడమా?

“అది పెడితే మన సిబ్బందిలోనే సగంమంది అనర్హులవుతారు సర్,” అన్నాడు ఇన్‌స్పెక్టరు కామేశం. కామేశం నిఖార్సైన మనిషి. రూలు అడ్డమొస్తే సొంత నీడని కూడా పక్కకి తప్పుకోమంటాడు.

ఇలా తర్జనభర్జన పడుతుండగా, ఒకనాటి పొద్దున్న త్రివిక్రమరావుగారు ఇంట్లో పేపరు చదువుకుంటూంటే వంటింట్లోంచి ఆయన భార్య, “ఏమండీ! పాలు పొంగుతున్నాయేమో చూడండి,” అని కేకేసింది. “ఆఁ, వస్తున్నా,” అని ఆయన లేచారు. లేచినవారు లేచినట్టే నిలబడిపోయారు. తూనికరాయి దొరికింది! వారం తిరక్కుండా సర్క్యులర్ వెలువడింది.

‘స్త్రీ పురుషుని ఏమండీ అని పిలుచుటయు, సదరు పురుషుడు పలుకుటయు జరిగినచో, ఆ ఉభయులు భార్యాభర్తల వలె ఉన్నట్లు పరిగణించవలెను. అటుల జరగనిచో పరిగణించరాదు.’

దీనికి సంబోధనా ప్రమాణమని పేరు పెట్టారు.

ఈ సంగతులేవీ తెలియని హైమవతి ఓ సోమవారం ఉదయం గొడుగు ముడుచుకుని ఆ ఆఫీసు మెట్లెక్కింది.

హైమవతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది. ఇప్పుడు పద్మనాభంగారితో కలిసి ఓ మేడమీది వాటాలో ఉంటోంది. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. పుస్తకాల మధ్య ఆకులు నొక్కిపెట్టుకుంటూ పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి. ఒక వానరోజు పార్కు బెంచీ దగ్గర, “ఏమండీ, గొడుగు మరిచిపోయారు,” అని ఆయన వెనకనుంచి పిలవడంతోనే పరిచయం మొదలైంది. ఆ గొడుగే ఇది.

“ఇద్దరూ పెళ్ళి చేసుకోవచ్చుగా?” అని అడిగినవాళ్ళకి హైమవతి దగ్గర ఒకటే జవాబు. “ఒకసారి చేసి రిటైరైన ఉద్యోగంలో మళ్ళీ ఎందుకు చేరడమమ్మా?”

అలా బాగానే సాగుతుండగా పద్మనాభంగారికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో వాల్వు పాడైందన్నారు. ఈ నెలలోనే మార్చాలి, ఆలస్యమైతే మార్చడానికి మనిషి ఉండడన్నాడు డాక్టరు. మత్తిచ్చాక ఏదైనా తేడా వస్తే నిర్ణయం చెప్పడానికి సొంతమనిషి సంతకం కావాలని ఆస్పత్రి కౌంటర్లో అడిగారు. పద్మనాభంగారికి అన్నకొడుకు ఒకడున్నాడు గానీ వాడు ఫోనెత్తడు.

“మీరేమవుతారు మేడమ్?”

“కలిసి ఉంటున్నాం.”

“అది అడ్రసు మేడమ్. బంధుత్వం కాదు,” అన్నాడు కౌంటర్లో అబ్బాయి, మర్యాదగానే.

అందుకని వచ్చింది.

ఆఫీసు వరండా కిటకిటలాడుతోంది. వరసలో ముందు ఒక కుర్రజంట. ఇద్దరూ కంప్యూటరు కొలువులవాళ్ళు. “ఒరేయ్ కిట్టూ, నీ ఫోనులో ఛార్జింగుందా?” అంది ఆ పిల్ల.

కామేశం తల పైకెత్తాడు. “ఒరేయ్ అన్నారా?”

“అన్నాను. అయితే?”

“అయితే మీరు స్నేహితులు. స్నేహితుల కౌంటరు ఇంకా తెరవలేదు. తరవాతెవరు?”

తరవాత ఒక పల్లెటూరి ముసలిజంట. వీళ్ళకి నిజంగానే పెళ్ళైంది. మేళం, తాళం, మూడురోజుల పెళ్ళి. కాకపోతే ఆ పెళ్ళికి కాగితం లేదు. పెళ్ళి కాగితానికి తిరిగితే సాక్షుల్ని తెమ్మన్నారట, సాక్షులు కాలం చేశారు. కనీసం పెళ్ళికానివాళ్ళ కాగితమైనా ఇస్తారేమోనని ఎవరో చెబితే వచ్చారు.

“బావా, ఆ సంచిటియ్యి, ఫోటోలు అందులో ఉన్నయ్,” అంది ముసలావిడ.

కామేశం కలం ఆగిపోయింది. “అమ్మా, బావ అనేది బంధుత్వం. దాంపత్యం కాదు.”

“ఓరి నాయనో! నలుగురు పిల్లల్ని కన్నానయ్యా ఈ బావకి!”

“కనొచ్చమ్మా, అందుకు మా ఆఫీసు అడ్డుచెప్పదు. కానీ బావా అని పిలిచినన్నాళ్ళూ మీరు బంధువులే. ఇవాళ్టినుంచి ఏమండీ అనండి, ఇవాళ్టినుంచి లెక్కేసుకుంటాం.”

“ఏవండీ అంటే మా బావ నన్నెవరో పరాయి ఆడమనిషనుకుని పారిపోతాడయ్యా!” అని ఆవిడ నవ్వింది. ముసలాయన మాత్రం నవ్వలేదు. సంచి గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు.

ఆఫీసుకి ఎదురుగా జెరాక్సు కొట్టు. దాని ఓనరు భార్య అప్పటికే ‘సంబోధన శిక్షణ’ అని అట్టముక్క వేలాడదీసింది. ఆవిడ చెప్పేదాని ప్రకారం ఏమండీలు మూడు రకాలు. కొత్త కాపురానిది మెత్తగా, చివర సాగదీసి ఉంటుంది. పదేళ్ళు గడిచినది మధ్యలో విరుగుతుంది. ఇంకా పాతబడ్డాక ‘ఏ’ ఊడిపోయి ‘మండీ’ ఒక్కటే మిగులుతుంది. అది నిజంగా ఒళ్ళు మండి అన్నదే. మూడూ నేర్చుకుంటే చార్జీలో తగ్గింపు కూడా ఇస్తోంది.

హైమవతి అర్జీ ఇచ్చి వచ్చింది. రెండోరోజు కామేశం ఇంటికి తనిఖీకి వచ్చాడు.

పద్మనాభంగారు బాల్కనీలో కుండీల దగ్గర కూర్చుని ఉన్నారు. “ఏమండీ,” అన్నారు లోపలికి తలతిప్పి, “ఆయన ఎండలో వచ్చారు. మజ్జిగిద్దామా, కాఫీ ఇద్దామా?”

“మీరు లేవకండి పద్మనాభంగారూ, నేను తెస్తున్నా,” అంది హైమవతి.

కామేశం మజ్జిగ తాగాడు. కరివేపాకు తీసి గ్లాసు అంచుకి అంటించాడు. ఏదో రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు, “కేసు చాలా క్లియర్‌గా ఉంది మేడమ్,” అని భరోసా కూడా ఇచ్చాడు.

ఉత్తర్వు వచ్చింది. ‘తనిఖీ యందు ఏమండీ అని పిలిచినవారు: పద్మనాభం. పలికినవారు: హైమవతి. కావున భార్య: పద్మనాభం. భర్త: హైమవతి.’

పద్మనాభంగారు నవ్వీ నవ్వీ ఆయాసం తెచ్చుకున్నారు. “మా పుట్టింటివాళ్ళకి కబురు పెట్టాలండీ, సారె పట్టుకొస్తారు.”

“నవ్వకండి, డాక్టరు వద్దన్నాడు,” అంటూ హైమవతే నవ్వింది. ఆమెకి ఆ ఉత్తర్వులో తప్పేమీ కనిపించలేదు. భర్తగానే సంతకం పెడుతుంది, అయితే ఏమైంది? అదే మాట ఆఫీసుకెళ్ళి త్రివిక్రమరావుగారితో అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. “చూడమ్మా, వ్యక్తిగతంగా నాకు అభ్యంతరం లేదు. ప్రభుత్వం ఎంతో ముందుకెళ్ళింది. కానీ భర్త గడిలో ఆడపేరు కొడితే మా కంప్యూటరు తీసుకోవట్లేదు. అది ఇంకా పాతకాలపు మనిషి.”

“మరి నాకు కాగితం ఎలా వస్తుంది?”

“అప్పీలుంది. బహిరంగ సంబోధనా పరీక్ష. పురుషులందర్నీ గోడవైపు తిప్పి కూర్చోబెడతాం, సైగలకి తావులేకుండా. మీరు వెనకనుంచి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏమండీ అనాలి. మొదట ఎవరు పలికితే వారే మీవారు. వారి పేరు వెంటనే కంప్యూటర్లోకి ఎక్కుతుంది. శుక్రవారం రండి.”

ఆ సాయంత్రం హైమవతి స్టవ్ ముందు చాలాసేపు నిలబడింది. పోయిన భర్తని పాతికేళ్ళకి దగ్గరగా ఆమె ఆ మాటతోనే పిలిచింది. ఆదివారంనాడు పోస్టాఫీసు తలుపు కొట్టినట్టు ఉండేది. లోపల మనిషి ఉన్నాడని తెలుసు. పేపరు చప్పుడు వినిపిస్తుంది. ‘ఆఁ’ అనే చిన్న శబ్దం మాత్రం రాదు. ఆయన తనని పిలవాల్సొస్తే ‘ఏయ్’. ఆయన పోయాక బట్టలన్నీ మూటగట్టి అనాథాశ్రమానికి ఇచ్చినప్పుడు, ఆ మాటని కూడా ఆ మూటలోనే పెట్టేశాననుకుంది. ఆ తరవాత ఒక వానరోజు అదే మాట వెనకనుంచి, ఒక మగగొంతులో, తనకోసం వచ్చింది. ఎక్స్ఛేంజిలో రోజుకి ఎన్ని వందల గొంతులు విన్నదో గానీ అలాంటిది వినలేదు.

గట్టిగా ఊపిరి తీసుకుంది. “ఏ…”

“పిలిచారా?” అన్నారు హాల్లోంచి పద్మనాభంగారు.

“ఏలకులు అయిపోయాయంటున్నా.”

ఆయన మెల్లగా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. “మీకు కష్టమైతే వద్దులెండి. ఈ వాల్వు ఇంకొన్నాళ్ళు లాక్కొస్తుంది.”

“లాక్కొస్తుందని మీ వృక్షశాస్త్రంలో ఉందా?”

“మరీ ఒక్క మాట కోసం…”

“ఒక్క మాటే. అనేస్తాను,” అంది హైమవతి. “మీరు మాత్రం పలకండి.”

శుక్రవారం హాలు నిండిపోయింది. అప్పీలుకొచ్చిన మగవాళ్ళందర్నీ బెంచీలమీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. పద్మనాభంగారిది చివరి బెంచీ. కుర్రజంటలో కిట్టు, పల్లెటూరి బావ కూడా ఉన్నారు. కామేశం కంప్యూటరు ముందు వేళ్ళు విరుచుకున్నాడు. త్రివిక్రమరావుగారు ఎత్తుబల్ల వెనక ఫైల్లో తల దూర్చి ఉన్నారు.

“అప్పీలుదారు హైమవతి! ఒకసారే. మళ్ళీ అవకాశం లేదు,” అన్నాడు కామేశం.

హైమవతి కళ్ళు మూసుకుంది. ముప్ఫై ఏళ్ళు హెడ్‌ఫోనులో నలిగిన గొంతు అది. గట్టిగా ఉండదు, కానీ చివరి మనిషిదాకా వెళుతుంది.

“ఏమండీ…”

బెంచీల మీద మగవాళ్ళందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. స్టాంపులమ్మే ఆయన కిటికీలోంచి, “ఏం కావాలమ్మా?” అన్నాడు. వరండాలో కునుకుతున్న వాచ్‌మన్ చెప్పులు వెతుక్కున్నాడు. కానీ వీళ్ళందరికంటే ముందు, ఫైల్లోంచి తలెత్తకుండానే, సగం లేచి,

“ఆఁ, వస్తున్నా వస్తున్నా! కట్టేశానే పాలు!” అన్నారు త్రివిక్రమరావుగారు.

వెంటనే కామేశం కీబోర్డు టకటకలాడింది. ప్రింటరు గురకపెట్టి ఒక కాగితం ఊసింది.

“అయిపోయింది సర్.”

“ఏమిటయ్యా అయిపోయింది?”

కామేశం లేచి నిలబడి చదివాడు. “శ్రీమతి హైమవతియు, శ్రీ త్రివిక్రమరావును భార్యాభర్తల వలె జీవించుచున్నట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.”

ఎవరో కిసుక్కుమన్నారు. పల్లెటూరి ముసలావిడ చప్పట్లు కొట్టింది, మంచి సంబంధం కుదిరిందనుకుని.

చివరి బెంచీలో పద్మనాభంగారొక్కరే ఇంకా గోడవైపు తిరిగి ఉన్నారు. చెమ్మగోడ మీద పాకిన నాచుని దగ్గరగా వంగి చూస్తున్నారు. హైమవతి వెళ్ళి భుజమ్మీద చెయ్యివేసింది.

“మీరు పలకలేదేం?”

“మీరు పిలిచారా?” అన్నారాయన కంగారుగా. “ఏమండీ అని వినపడింది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకున్నా. మీరు నన్నెప్పుడూ అలా పిలవరు కదండీ.”

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. రెంటినీ మింగి బల్లదగ్గరికి నడిచింది.

అక్కడ త్రివిక్రమరావుగారు చెమటలు కక్కుతున్నారు. “రద్దు చెయ్యి! వెంటనే రద్దు చెయ్యవయ్యా!”

“కుదరదు సర్. విడిపోవాలంటే ఉభయులూ అర్జీ పెట్టాలి. ఆపైన ఆరునెలలు పునరాలోచన గడువు. సహజీవనమంటే వచ్చి పోయే బస్టాండు కాదని మీరే రాయించారు.”

“నేను ఫైలు చూస్తూ అలవాటుగా అన్నానయ్యా!”

“అలవాటే దాంపత్యానికి ఆధారమని కూడా రాయించారు సర్. మూడో పేరా.”

హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్స్ఛేంజిలో కోపిష్టి చందాదారులతో మాట్లాడే గొంతు తెచ్చుకుంది.

“నాకు విడిపోయే ఉద్దేశం లేదండీ. అర్జీ పెట్టను. కామేశంగారూ, కాగితం ఇచ్చాక ఇంకోసారి ఇంటి తనిఖీ ఉంటుందటగా, ఎప్పుడు?”

“రేపే మేడమ్. భర్తగారి చిరునామాలో.”

“మంచిది. నా సామాను పెద్దగా లేదు, రెండు సంచులు. ఏమండీ,” ఇప్పుడా మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది, “ఇంట్లో ఆవిడగారికి ముందే ఒక మాట చెప్పండి. పాలు నేనే చూసుకుంటానని.”

త్రివిక్రమరావుగారికి కళ్ళముందు తన వంటిల్లు, అందులో అట్లకాడ, ఆ అట్లకాడ పట్టుకున్న చెయ్యి వరసగా కనబడ్డాయి. “అమ్మా! తల్లీ! మీకేం కావాలో చెప్పండి.”

“పద్మనాభంగారి పేరుతో కాగితం. ఆయన పిలిచారు, నేను పలికాను. అది మీ ఇన్‌స్పెక్టరే రాశారు.”

“కానీ ప్రమాణం ప్రకారం పిలవాల్సింది…”

“నా సామాను రెండు సంచులండీ.”

ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పారు. కామేశం గుక్క తిప్పుకోకుండా కొట్టాడు. ‘ఏమండీ అను పదము వ్యాకరణరీత్యా ఉభయలింగవాచకమని ఈ కార్యాలయము కూలంకషముగా పరిశీలించి తేల్చినది. ఎవరు ఎవరిని పిలిచినను, ఎవరు పలికినను చెల్లును. ఇంతకుముందు వెలువడిన పత్రము ప్రింటరు దోషము.’ ప్రభుత్వం పొరపాటు చెయ్యదు, ప్రింటరు చేస్తుంది. గడుల్లో భార్య, భర్త అన్న మాటలు తీయించి ‘ఒకటో వారు, రెండో వారు’ అని పెట్టేసరికి పాతకాలపు కంప్యూటరు కూడా కిమ్మనకుండా మింగింది.

“అందులో బావ అనే మాట కూడా కలపండి,” అంది హైమవతి లేవబోతూ.

“బావ ఉభయలింగం కాదమ్మా!”

హైమవతి మళ్ళీ కూర్చుంది. బావని కలిపారు. ఒరేయ్‌ని పరిశీలనలో పెట్టారు.

జరిగింది త్రివిక్రమరావుగారి కంటే ముందే వాళ్ళింటికి చేరింది. ఆ మర్నాటినుంచి ఆయన భార్య ఆయన్ని ఏమండీ అనడం మానేసిందట. “రిజిస్ట్రారుగారూ, గేటు దగ్గర పాలొచ్చాయి,” అంటోందట. సొంత సర్క్యులర్ ప్రకారం తన కాపురం ఏ కోవలోకి వస్తుందో ఆయన ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు.

ఆ కాగితం పట్టుకుని హైమవతి ఆస్పత్రి కౌంటరుకి వెళ్ళింది. అబ్బాయి ముద్ర చూశాడు, సంతకం చూశాడు, సంతృప్తిగా తలాడించి కంప్యూటరు వైపు తిరిగాడు. అందులో వరసగా భార్య, భర్త, తండ్రి, తల్లి, కొడుకు, కూతురు ఉన్నాయి. పైకీ కిందకీ రెండుసార్లు వెతికాడు.

“సహజీవనం అని దీంట్లో లేదు మేడమ్.” బుర్ర గోక్కుని ఒకచోట నొక్కాడు. “ఇతరులు అని పెట్టాను. సంతకం చెయ్యండి.”

హైమవతి ఆ మాటవంక చూసింది. వారం రోజులుగా తను ఒకసారి భర్త అయింది, ఒకసారి రిజిస్ట్రారుగారి భార్య అయింది. ఇప్పుడు ఇతరులు. దాని పక్కనే తన పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాసింది.

ఆపరేషన్‌కి సిద్ధం చేసే గది బయట నడవా కిక్కిరిసి ఉంది. ఎందరో పేషెంట్లు, ఎందరి తాలూకో మనుషులు. తలుపు తీసి పద్మనాభంగారి చక్రాల మంచం బయటికి తెచ్చారు. కళ్ళజోడు తీసేసినందువల్ల ఆయనకి మనుషులు మసకగా కనిపిస్తున్నారు. తల అటూ ఇటూ తిప్పి, గాల్లోకి పిలిచారు.

“ఏమండీ…”

నడవాలో చాలా తలలు తిరిగాయి. మంచం తోస్తున్న నర్సు మాత్రం ఎవర్నీ ఏమీ అడగలేదు. మూలనున్న హైమవతి వైపు చూసి, “మిమ్మల్నేనమ్మా, పలకరేం?” అంది.

హైమవతి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“ఆఁ. ఇక్కడే ఉన్నాను. చెప్పండి.”